ఏడాది ఆగి తెచ్చిన చేప

అల్ ఖోబర్, సౌదీ, శుక్రవారం

ఏమండీ,

మీ సంవత్సరీకం అయి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. మీ తొట్టెలో చేపలు ఒకదాన్నొకటి చంపుకునేలా ఉన్నాయి. అందుకే రాస్తున్నాను.

మీరు పోయిన ఆ నెలలోనే క్లౌన్ చేపల జంటలో పెద్దది, ఆడది, చచ్చిపోయింది. మిగిలిన మగదానికి తోడు తెద్దామని కోడలు సుజాత అప్పుడే అంది. ఏటిసూతకం తీరకుండా ఈ ఇంట్లో పెళ్లిళ్లా అని కసిరాను. ఏడాది ఆగి, నిన్న నేనే చేపల కొట్టుకు వెళ్లి పెద్ద ఆడచేపను ఎంచి తెచ్చాను. వదిలిన గంటలోపే మీ చేప దాని రెక్క చీల్చింది. అది మీ చేప తోక కొరికింది.

తొట్టెలో రాళ్లు జరిపి వాటిని బెదరగొట్టావా అని సుజాత మీద అరిచాను.

"నేను చెయ్యే పెట్టలేదు అత్తయ్యగారూ. ఆ కొట్టతన్నే అడగండి," అని తనే ఫోను కలిపింది.

కొట్టతను హైదరాబాదువాడు. పకపకా నవ్వాడు. "ఆడది పోయినంక మగదే ఆడదైతదమ్మా. ఏడాదాయె గదా! ఒక్క ఇంట్ల ఇద్దరత్తలను పెట్టిన్రు, కొట్లాడుకోక ఏం జేస్తయి?"

నవ్వు కనబడకుండా సుజాత మొహం పక్కకు తిప్పుకుంది.

అన్నేళ్లు పెంచారు, మీకు తెలిసే ఉంటుంది. ఒక్కనాడూ నాకు చెప్పలేదు.

ఇక జరగాల్సినవి:

1. కొత్తదాన్ని చిల్లుల డబ్బాలో విడిగా ఉంచాను. మధ్యాహ్నం జుమా నమాజు అయ్యి కొట్టు తెరవగానే తిరిగి ఇచ్చేయాలి.
2. బాగా చిన్నది తేవాలి. చిన్నదైతే మగదిగానే ఉంటుందట. ఎంచేది సుజాత.
3. తప్పు నాదని సుజాతకు చెప్పాలి. ఇప్పటికి మీ ఒక్కరికే చెప్పాను.