తల చూసి పెట్టుకున్న లాయరు

మార్చి 4, మంగళవారం

కట్టు విప్పారు. కుడి బొటనవేలు నా మాట వినడం లేదు. వంచితే వంగదు, వదిలేస్తే వణుకుతుంది. ఇంకో ఆపరేషన్ చేస్తే కత్తెర పట్టుకోవచ్చట, ఆలస్యం మాత్రం చెయ్యొద్దన్నాడు డాక్టరు. అది నా లేడీస్ సెలూన్ సంపాదనకు అందే ఆపరేషన్ కాదు. నా మానాన నేను షట్టర్ దించుకుంటుంటే రివర్స్‌లో వచ్చి గుద్దింది డెలివరీ వ్యాను. ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. ఊరికే పెట్టరు కాబట్టి లాయరు కావాలి.

నాకేం బెంగ లేదు. ఇన్నేళ్లుగా జనం తలలే చూస్తున్నాను. తల చూస్తే చాలు, మనిషి తెలిసిపోతాడు.

మార్చి 6, గురువారం

మొదటి లాయరు. బస్టాపులన్నిటి మీదా ఈయన పోస్టర్లే. నల్లగా రంగేసిన జుట్టు, కుదుళ్ల దగ్గర మాత్రం తెల్లటి గీత. పైపై మెరుగు తప్ప అడుగు చూసుకోని మనిషని కూర్చోకముందే తేలిపోయింది.

అయినా ఫోన్ సంగతి చెప్పాను. యాక్సిడెంట్ అయిన వారానికి వ్యాను కంపెనీ ఇన్సూరెన్స్ అతను ఫోన్ చేశాడు. చెయ్యి ఎలా ఉందండీ అని ఎంతో మర్యాదగా అడిగాడు. బాగానే ఉందండీ, రేపో మాపో పనిలోకి దిగుతున్నా అన్నాను. అది రికార్డయింది. ఏం చెయ్యను, సెలూన్‌కి ఎవరు ఫోన్ చేసినా నా నోట్లోంచి వచ్చే మాట అదే. చెయ్యి నొప్పంటే కస్టమర్ పక్క వీధికి పోతుంది.

ఈయన తేలిగ్గా నవ్వేశాడు. ఆ మాట్లాడింది నేను కాదు, మా వదిన అని చెప్పేద్దామట. పైగా మెడకు కూడా ఒక పట్టీ వేసుకుంటే కేసు బలంగా ఉంటుందట. నా మెడ శుభ్రంగా ఉంది. లేచి వచ్చేశాను.

మార్చి 7, శుక్రవారం

అన్నయ్యకు చెప్పకుండా ఉండాల్సింది.

మార్చి 11, మంగళవారం

అన్నయ్య స్నేహితుడు రెండో లాయరు. స్కేలు పెట్టి గీసినట్టు పాపిట, ఒక్క వెంట్రుక కూడా అటూ ఇటూ లేదు. జాగ్రత్తపరుడే, కాదనను. కానీ ఉన్నంతసేపూ అన్నయ్యతోనే మాట్లాడాడు. మీ చెల్లెలు ఫోన్లో పుట్టి ముంచేసింది, వాళ్లిచ్చిందేదో తీసుకుని సంతకం పెట్టించు, అన్నాడు. ఇద్దరి మధ్యా నేను స్టూలులా కూర్చున్నాను. చెయ్యి నాదండీ అంటే అప్పుడు ఇటు తిరిగి, కాఫీ తీసుకోమ్మా అన్నాడు.

దారంతా అన్నయ్య సణుగుడే. మంచి సలహా ఇస్తే నీకు ఎక్కదు అంటాడు. ఆపరేషన్‌కు సరిపడా రాకపోతే అది మంచి సలహా ఎలా అవుతుంది? ఒళ్లు మండిపోయింది.

మార్చి 15, శనివారం, మధ్యాహ్నం

పాత కస్టమర్ ఒకామె పంపిన మూడో లాయరు షాపుకే వచ్చింది. నాకన్నా పెద్దది. జుట్టంతా ముడేసి పెన్సిల్ గుచ్చుకుంది. ముడిలో ఉన్న తల చూసి ఏమని చెప్పను? మొదటిసారి నాకు అంచనా దొరకలేదు.

ఫోన్లో అలా ఎందుకన్నారని అడిగింది. ఆ ముక్క మొదటి ఇద్దరికీ తోచలేదు. చెప్పాను. సరే, ఇప్పుడు ఏయే పనులు చెయ్యలేకపోతున్నారో చెప్పండి అంది. అన్నీ చేస్తున్నానండీ అనేశాను! తెలిసి తెలిసి, లాయరు ముందు! షాపులో నాకు సాయంగా ఉంటున్న వదిన కళ్లురిమింది.

లాయరమ్మ పెన్సిల్ లాగేసి కుర్చీలో కూర్చుంది. అయితే భుజాల దాకా కట్ చెయ్యండి అంది.

రోషం వచ్చింది. కత్తెర తీశాను. కుడివైపు బాగానే వచ్చింది. వెనకవైపు నడినెత్తికి సూటిగా వచ్చేసరికి వేలు బిగుసుకుపోయింది. చెయ్యి మార్చాను, భుజంతో తోశాను, లాభం లేదు. కత్తెర జారి కిందపడింది. ఎడమవైపు మెట్లు మెట్లుగా తయారైంది. జన్మలో అంత దరిద్రపు కట్ చెయ్యలేదు. వదిన సరిచేస్తానని పరిగెత్తుకొచ్చింది. వద్దంది ఆమె. అద్దంలో నన్నే చూస్తూ, ఇప్పుడు చెప్పండి అంది.

చెప్పాను. జాకెట్టు హుక్కు పెట్టుకోలేను. తాళం తిప్పలేను. దువ్వెన పట్టుకుంటే మోచేతి దాకా మంట. వదిన కట్ చేస్తుంటే పక్కన నిలబడి కబుర్లు చెబుతూ, నేనే చేస్తున్నట్టు నటిస్తున్నాను. కస్టమర్ల కుర్చీ పట్టుకుని ఏడ్చేశాను.

ఆ రికార్డును మనమే ముందు బయటపెడదాం అంది ఆమె. ఈ నెలలో వచ్చిన కస్టమర్లందరికీ నేను బాగానే ఉందనే చెప్పాను, కత్తెర పట్టింది మాత్రం వదిన. వాళ్లతో ఆ మాటే చెప్పిస్తే, ఫోన్లో అన్నదీ అలాంటిదేనని తేలిపోతుందట. దాచాల్సింది ఏమీ లేదు కదా అంది.

సాయంత్రం

లాయరమ్మ ఇచ్చిన వకాలతు మీద సంతకం పెట్టేశాను. వంకరగా వచ్చింది. అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పాను. పెట్టనా అని అడగలేదు, పెట్టానని చెప్పాను.

ఏప్రిల్ 2, బుధవారం

వ్యాను వాళ్లతో మీటింగ్. మా లాయరమ్మ జుట్టు విరబోసుకుని వచ్చింది, ఆ మెట్లతోనే. వాళ్ల లాయరు నవ్వాపుకుంటూ ఈ కట్ ఎవరు చేశారు మేడమ్ అని అడిగాడు.

నేను చెయ్యెత్తాను. కుడి చెయ్యే.