వేరు లేని పుట్టకొక్కులు

శ్రావణ శుక్రవారం

జ్వరం తగ్గి పది రోజులైనా కోడలు సుజాత మెట్లెక్కితే ఆయాసపడుతోంది. బాలింతలకూ, జ్వరం నుంచి లేచినవాళ్లకూ మా అమ్మ పుట్టకొక్కుల చారు కాచి ఇచ్చేది, సత్తువ వస్తుందని. అందుకే ఇస్లాపూర్ గంగవ్వ అమ్మకానికి తెచ్చిన పద్నాలుగు కొక్కులూ చూడగానే తీసుకున్నాను. కడిగి తరగబోతుంటే మనవరాలు పూజ కత్తిపీట పక్కకు లాగింది.

"అవ్వా, వీటికి వేర్లేవి?"

"పైకే కోసుకచ్చిందట. గంగవ్వ నాకు ముప్పై ఏండ్ల సంది ఎర్క. నువ్వు నాకు నేర్పుతవా?"

"నువ్వే నేర్పినవ్ గద! పుట్టలకెళ్లి పొడుగు వేరుతోని అచ్చిందే మంచి కొక్కు, వేరు లేంది విషపుది గావచ్చు, ఇంట్లకు తేవద్దంటివి. పోయినేడు నేను గిట్లనే కోసుకస్తే అన్నీ పారబోయించినవ్. ఏడ్సినా ఇనలే."

నేను గొంతు పెంచితే ఈ ఇంట్లో అందరూ ఊరుకుంటారు. పన్నెండేళ్ల పిల్ల ఊరుకోలేదు. పద్నాలుగూ దాని ముందే పారేశాను.

చారుకు బదులు పెసరకట్టు కాచాను. సుజాత రెండు గిన్నెలు తాగి నవ్వింది. "ఒక్క అత్తతోనే ఏగలేకపోతుంటి, ఇప్పుడు ఇద్దరైండ్రు."

గంగవ్వ మీద నమ్మకంతో ఇదివరకు ఎన్నిసార్లు వేరు చూడకుండా వండానో లెక్కలేదు. పూజను మెచ్చుకోలేదు, హోంవర్క్ చేసుకొమ్మని కసిరాను. ఇకమీదట ఈ ఇంట్లోకి కొక్కులొస్తే ముందు దానికే చూపించాలి. ఆ మాట రేపు నేనే దానికి చెప్పాలి.