వదిన పలకని పేరు

టార్నీట్,
మార్చి 4

వసంతకు వదిన ఆశీస్సులు.

ఫోనులో నీకు నా మాట వినపడదు, నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకే ఈ ఉత్తరం.

మీ అన్నయ్య బొమ్మ వేయించడానికి మనిషి దొరికాడు. విలియమ్స్‌టౌన్ రేవు దగ్గర ఉంటాడు, వాల్టర్ అని ఇంగ్లండు పెద్దాయన. ఎనభై ఆరేళ్ళు. కుర్రతనంలో వాళ్ళ దేశపు రేవులో ఓడల మీద పేర్లు రాసేవాడట. తరవాత కెప్టెన్ల బొమ్మలు వేశాడట. భార్యలు మొహం వెయ్యమనేవారు, కెప్టెన్లు ఓడ వెయ్యమనేవారు. పేచీ లేకుండా మొహం వెనక కిటికీ పెట్టి, అందులో ఓడ వేసేవాడట. ఒక ఓడ బొమ్మ కోసమే ఈ దేశం వచ్చాడు. బొమ్మ పూర్తయ్యేసరికి ఓడ వెళ్ళిపోయింది, ఈయన ఉండిపోయాడు.

మనకున్న ఒక్క ఫోటో ఇచ్చాను. కాకినాడ రేవులో మీ అన్నయ్య సరంగుగా, ఓడల్ని లాగే తన టగ్గు పడవ మీద నిలబడ్డది. మొహం మినపగింజంత.

మీ వదిన
భ్రమరాంబ

తా.క. ఆయనకి చెయ్యి వణుకుతుంది. మొహాలకి కష్టమేగాని, అలలకి కలిసొచ్చిందంటాడు.

పెండిల్ హిల్,
మార్చి 11

వదినకి వసంత నమస్కారాలు.

చదివి ఏడ్చాను. అన్నయ్య గొంతు గుర్తుంది, మొహమే మసకైపోతోంది వదినా. కళ్ళు మూసుకుంటే మీసం వస్తుంది, దాని వెనక మనిషి రాడు. అదే నా భయం. ఏప్రిల్లో తద్దినానికి వస్తాను. అప్పటికి ఆ మొహం గోడ మీద కనపడాలి. మీసం కుడివైపు కాస్త పైకి ఉండేదని చెప్పు.

నీ ఆడపడుచు
వసంత

తా.క. పేరు అడిగితే సుందరరామయ్య అని చెప్పు. నీ సంగతి నాకు తెలుసు. రేషను కార్డు ఆయన అడిగినప్పుడు నన్ను పిలిచి చెప్పించావు.

టార్నీట్,
మార్చి 19

వసంతకు వదిన దీవెనలు.

పేరు అడగనే అడిగాడు. మనవరాలు సింధుజ అప్పుడే కాఫీ తేవడానికి వెళ్ళింది. ఈ వయసులో పరాయివాడి ముందు మొగుడి పేరు పలకనా? కాకినాడలో ఎవరడిగినా టగ్గు పేరు చెప్పేదాన్ని, రేవంతా తెలుసుకునేది. ఇక్కడా ఫోటో మీద వేలు పెట్టి "గౌతమి" అన్నాను. శుభ్రంగా రాసుకున్నాడు.

నా ఇంగ్లీషు బస్సు టిక్కెట్టు వరకే గాని, ఆయన చేతులతో అడిగాడు. ఎన్నేళ్ళ సర్వీసు, ఎంత పొడుగు, ఎంత బరువు. బొమ్మకి బరువెందుకో. ఆఖర్లో ఎలా ఉండేదన్నాడు. పొగ ఎక్కువ, దగ్గు ఎక్కువ, అయినా ఏ రోజూ పని మానలేదన్నాను. పాపం, కళ్ళు తుడుచుకున్నాడు.

మీ వదిన

తా.క. అడుగు భాగం ఏ రంగన్నాడు. నలుపన్నాను. పంట్లాం సంగతి అయ్యుంటుంది.

పెండిల్ హిల్,
మార్చి 27

వదినకి,

కొంప ముంచావు. గౌతమి అంటే ఇక్కడ ఇంటికో ఆడపిల్ల ఉంది. ఆయన ఎవర్నైనా అడిగితే అన్నయ్యకి చీర కట్టి నిలబెడతాడు. వెంటనే సింధుజని పంపి ఆపించు. గాజులు తొడిగిన అన్నయ్యకి నేను దండ వెయ్యను.

నడుం పట్టేసింది. డాక్టరు విమానం వద్దన్నాడు, తద్దినానికి రాలేను. ఉన్నదున్నట్టు రాయి.

కోపంతో
వసంత

తా.క. ఈపాటికే వేసేసి ఉంటే, మీసమన్నా ఉంచమను.

టార్నీట్,
ఏప్రిల్ 16

వసంతకు వదిన ఆశీస్సులు, నడుం జాగ్రత్త.

ఉన్నదున్నట్టే రాస్తున్నాను. నీ ఉత్తరం కంటే ముందే బొమ్మ వచ్చింది. అందులో ఆడదీ లేదు, మగవాడూ లేడు. పడవ ఉంది. నేను చెప్పింది పడవ పేరు కనక ఆయన పడవనే వేశాడు. పొడుగూ బరువూ దగ్గూ అన్నీ దానికే. సింధుజ నేల మీద పడి నవ్వింది. నీకేం చెప్పాలో తెలీక నేను ఏడ్చాను.

తరవాత నిదానంగా చూశాను. సాయంత్రపు వెలుగు, పక్కన వేలాడే టైర్లు, పొగ ఒడ్డువైపు వాలి ఉంది. ఆ పొగ కనపడ్డాకే కదా మనిద్దరం ఎసరు పెట్టేవాళ్ళం. పడవ నడిపే గదిలో, అద్దం వెనక గోధుమరంగు చుక్క ఒకటుంది. అది మీ అన్నయ్యే.

మొహం కావాలంటే అద్దం చూసుకో వసంతా. ఆ ముక్కూ, ఆ నుదురూ, నన్ను కసిరేటప్పుడు లేచే ఆ కనుబొమ్మా నీ దగ్గరే ఉన్నాయి. మీసం ఒక్కటే తక్కువ.

ఆదివారం వాల్టర్‌ని పిలిచి పెసరట్టు పెట్టాను. సంగతి తెలిసి నొచ్చుకుని, మొహం వేస్తానన్నాడు. వద్దన్నాను. "ఓడ చాలన్న భార్యని ఇన్నేళ్ళలో నిన్నొక్కదాన్నే చూశాను" అన్నాడట, సింధుజ చెప్పింది.

మీ వదిన
భ్రమరాంబ

తా.క. పడవ ముందు భాగాన పేరుకి చోటు వదిలి, కుంచె పట్టుకుని మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. పడవ పేరు పలకడానికీ నాకు నోరు రాలేదు. గోడ మీద ఇప్పుడు వారే కదా అది. సింధుజ చేత చెప్పించాను.