రంగేసిన కొమ్ముల ఫోటో

లీడ్స్ నుంచి

అన్నకు చెల్లెలు కవిత నమస్కారాలు. నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారా? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నా గురించి బెంగ వద్దు, బాగానే ఉన్నాను. వానే వదలడం లేదు. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, మందులు ఇచ్చే పని. రోటా అని డ్యూటీ పట్టిక ఇస్తారు, అందులో ఒక్కో ఇంటికి అరగంట. ఫ్లాటుకు వచ్చి ఒక్కదాన్నే పచ్చిపులుసు అన్నం తింటాను. బాగానే ఉన్నాను.

పొలాల అమావాస్య నాడు నువ్వు పంపిన మన ఎద్దు సోమన్న ఫోటో చూసి ఎంత మురిసిపోయానో! కొమ్ములకు ఎర్రరంగు, మెడలో గంటలు, నోట్లో తియ్యటి బెల్లం పోలె. తల్లి చచ్చిన ఆ దూడకు సీసాతో పాలు పట్టి పెంచింది నేనే కదా.

రెండు రోజులకు మిరియం ఆంటీ ఇంట్లో పండుగ. నేను చూసుకునే మనిషే, యూదురాలు, తొంభై దాటాయి. వాళ్ళకు పెంపుడు జంతువుల కొత్త సంవత్సరం ఉందట. చాలామంది మరిచిపోయారట, ఆమె మరవలేదు. మనతో బతికే జీవాలను సరిగ్గా చూశామా అని ఆ రోజు ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాలట. ముసలి పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, "నీ తోక తలుపులో నలిపాను, క్షమించవే" అంది. నాకు నవ్వొచ్చింది. ఫోటో చూపిస్తే, పేరు సరిగ్గా పలకడం రాకపోయినా మన సోమన్న కోసం కూడా ప్రార్థించింది.

"వీణ్ణి ఎవరు చూస్తున్నారు, లవ్?" అని అడిగింది. ఇక్కడివాళ్ళు ముద్దుగా అలాగే పిలుస్తారు.

"మా అన్న. చచ్చేదాకా సాకుతానని నాకు మాటిచ్చాడు" అని గొప్పగా చెప్పాను.

ఆ సాయంత్రమే నీ ఫోన్. "ట్రాక్టర్ వచ్చినంక ఎద్దెందుకే? పండుగ తెల్లారే అంగడికి తోలిన. రంగు మీదుండంగనే కొనుక్కపోయిన్రు."

"ఎవరు కొన్నరన్నా?"

"ఇంకెవరు, కసాయోళ్ళు. కోతకే."

కూరేం వండారో చెప్పినట్టు చెప్పావు. పొద్దున పోలె తినిపించి మర్నాడు తోలడానికి నీకు చేతులెట్లా వచ్చాయి? నన్ను ఒక్క మాట అడిగావా? ఆంటీ ప్రార్థించేసరికే వాడు లేడు. వాడి పేరు మీద నేను గొప్పలు చెప్పుకుంటూ నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఈ కోపం పోయేది కాదు.

వెళ్ళినప్పుడల్లా ఆమె అడుగుతుంది. బాగున్నాడు ఆంటీ అంటాను. వచ్చే ఏడు పండుగకు కొత్త ఫోటో తెమ్మంది. నీ ఫోన్లో పాతవి ఏమైనా ఉంటే ఒకటి పంపు. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు, పోల్చుకోలేదు.

పెద్దమ్మకు నమస్కారాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. పెద్దవాడివి, నీ దీవెన అడగాలి కాబట్టి అడుగుతున్నాను. వాణ్ణి తోలిన ఆ చెయ్యి మాత్రం ఎత్తకు. నోటితో దీవించు చాలు.

నీ చెల్లెలు,
కవిత