మింగని మాత్రలు

మార్చి 4

168/104. రెండో చేతికీ అంతే.

అక్కకి నా కిడ్నీ సరిపోతుందని, రక్తంతో సహా అన్నీ కలిశాయని తేలాక ఇప్పుడు బీపీ అడ్డం పడింది. ఇంత బీపీ ఉంటే మీ దగ్గర తీసుకోలేం అంది డాక్టరమ్మ. అయ్యో అన్నాను. లోపల మాత్రం గుండెల మీంచి బరువు దిగింది. సిగ్గులేని మాటే. ఇక్కడ కూడా నిజం రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

మార్చి 11

దిగిన బరువు మళ్లీ ఎక్కింది. కారణం దొరికిందట. కిడ్నీ మీద ఉండే గ్రంథి నుంచి ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్ ఎక్కువ ఊరుతోందట. దాన్ని అందుకునే రిసెప్టర్లు కిడ్నీలో ఉంటాయి. అది వాటిని పట్టుకోగానే కిడ్నీ ఉప్పుని బయటికి పోనివ్వదు. ఉప్పు వెంట నీరు, నీటి వెంట ప్రెజర్. పొటాషియం మాత్రం పోతూనే ఉంటుంది. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్ర ముందే వెళ్లి ఆ రిసెప్టర్లలో కూర్చుంటే హార్మోన్‌కి చోటు దొరకదట.

బీపీ దిగితే డాక్టరమ్మ నా పేరు కిడ్నీ మార్పిడి కమిటీ ముందు పెడుతుంది. రెండు పూటలా చూసి చార్టు రాయమంది. రాయడం నాకు కొత్తా? లాండ్రీ బాయిలర్ దగ్గర ఇరవై ఆరేళ్లుగా గంట గంటకీ ప్రెజర్ రాస్తున్నాను.

మార్చి 12, ఉదయం 6

మాత్ర బేసిన్‌లో వేసి నీళ్లు వదిలాను.

మార్చి 19

162/100. 166/102. 164/100.

అన్నీ నిజాలే. మీటరు చూడకుండా రీడింగు రాసినవాణ్ణి ఒకసారి బాయిలర్ రూమ్‌లోంచి నేనే గెంటాను. అంకె తప్పు రాయను, మాత్ర మింగను. ఇదేం నీతో నాకే తెలీదు. మా ఆవిడ వేసుకున్నారా అని రోజూ అడుగుతుంది. ఊ అంటాను.

భయం. అంతే. కోస్తారని, మళ్లీ లేవనని, లేచినా బాయిలర్ పని చేయలేనని. అక్కంటే ప్రేమ లేక కాదు. అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపింది అక్కే. అది తలుచుకుంటే భయం తగ్గాలి. తగ్గట్లేదు.

మార్చి 26

డోసు పెంచింది. పొటాషియం కూడా పెరగలేదు, విచిత్రంగా ఉందే అని డాక్టరమ్మ చార్టు రెండుసార్లు తిరగేసింది. నేనూ విచిత్రమే అన్నట్టు మొహం పెట్టాను. ఇలా మొహాలు పెట్టీ పెట్టీ అలసిపోయాను.

ఏప్రిల్ 2

డయాలసిస్‌లో అక్క పక్కన కూర్చున్నాను. మెషిన్‌లో రక్తం తిరుగుతుంటే కుట్టాల్సిన జాకెట్ల గురించి చెప్పింది. మధ్యలో నా మాత్ర పేరు అడిగింది. ఒకప్పుడు తనూ అదే వాడిందట. అది వేసుకున్న కొత్తలో బాత్రూమ్‌కి తిరగడమే సరిపోయేదిరా, నువ్వేంటి మూడు గంటల నుంచి కుర్చీ దిగలేదు అంది. అక్క ఇంకేమీ అడక్కుండా కళ్లు మూసుకుంది.

ఏప్రిల్ 5

డాక్టరమ్మ ఫోన్ చేసింది. తమ్ముడి కిడ్నీ వద్దని అక్క చెప్పేసిందట. ఎందుకమ్మా అంటే, వాడి కిడ్నీతో పాటు వాడి బద్ధకం కూడా నాకొస్తుంది అని నవ్విందట. వెయిటింగ్ లిస్టులో ఉంటుందట. లిస్టంటే ఐదారేళ్లు. అన్నాళ్లు అక్క ఆగగలదా అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మీ అక్కది ఎంత మంచి మనసండీ అంది మా ఆవిడ. కంచం ముందు నుంచి లేచిపోయాను.

ఏప్రిల్ 6, ఉదయం 6

మింగాను.

ఏప్రిల్ 14

షిఫ్టులో ఆరుసార్లు బాత్రూమ్. 150/94.

మే 4

128/80. పొటాషియం సరిగ్గా ఉంది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. డాక్టరమ్మ అక్క సంతకం పెట్టాల్సిన సమ్మతి కాగితం ఇచ్చి, మీ అక్కగారు ఒప్పుకుంటేనే సుమా అంది.

మే 6

కాగితం తీసుకుని డయాలసిస్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాను. మాత్రలు బేసిన్‌లో పడేశానని చెప్పాను. తెలుసులే అంది. ఇవాళ వేసుకున్నావా అంది. వేసుకున్నానన్నాను. ఏదీ నోరు తెరువు అంది. యాభై రెండేళ్లవాణ్ణి, నర్సులు చూస్తుండగా నోరు తెరిచి నాలుక పైకెత్తి చూపించాను.

చూసి, సంతకం పెట్టింది.