కొండ దిగిన సుంగా

అరయత్ శిబిరం, మంగళవారం

అమ్మకు, నేను క్షేమం. ఒంటిమీద చిన్న గీత కూడా పడలేదు.

లెఫ్టినెంటునయ్యాక నాకు అప్పగించిన మొదటి పని, కొండమీది తిరుగుబాటుదారులతో మాట్లాడి రావడం. నిన్న తుపాకీ లేకుండా ఎక్కాను. వాళ్ల నాయకుడు సుంగా నా గుండెకు గురిపెట్టి, "ఎవరి కొడుకువిరా నువ్వు?" అన్నాడు.

"మంత్రసాని సెవరినా కొడుకుని" అన్నాను.

తుపాకీ దించేశాడమ్మా! "ఓరి నీ! నన్ను భూమ్మీదికి లాగింది ఆవిడేరా!" అని పకపకా నవ్వాడు. అంతలోనే గొంతు తగ్గించి, "మా ఆవిడకు ఇది మూడో కాన్పు. ముందు ఇద్దరూ దక్కలేదు. మీ అమ్మను పిలిపిస్తానంటే దిగుతాం" అన్నాడు.

నిన్ను అడగకుండానే మాటిచ్చేశాను. ఈ ఉదయం అందరూ దిగివచ్చి తుపాకులు నా ముందు పెట్టారు!

ఆమెకు వచ్చే నెలలో కాన్పు. కార్డు అందగానే బస్సెక్కు. పందుల్ని చెల్లి లూమెన్ చూసుకుంటుంది. దాని పరీక్ష ఏమైంది? చేప ఊరగాయ ఒక జాడీ తే, ఇక్కడి తిండి నోట పెట్టలేం.

"మనవాళ్లనే కాలుస్తావా" అని నాతో మాట మానేసిన నాన్నకు, ఒక్క తూటా కూడా పేల్చలేదని చెప్పు. దీవెన కోసం ఆయన చేతిని నా నుదుటికి ఆనించుకుంటున్నానని కూడా చెప్పు.

నీ ఫాకుందో