పాత పంచె ఎవరి కోసం

త్రిపురాంతకం,
ఆషాఢం, 1937.

నా బంగారు విజయా,

అమ్మ నీ తల నిమిరి మొదలుపెడుతున్న ఉత్తరం ఇది. నీకు మూడో నెల అని మీ ఆయన రాసిన కార్డు చేరింది. కొండలరావు స్టేషన్ గుమాస్తా అనిపించుకున్నాడు. తొలిచూలు కబురు కూడా గూడ్సు బండి వచ్చిపోయిందన్నంత ముక్తసరిగా రాశాడు. మీ నాయన మాత్రం ఆ కార్డు పట్టుకుని వీధంతా తిరిగాడు. చదవడం రాని వాళ్లకు కూడా చూపించి వచ్చాడు.

నువ్వు పంపిన మాసపత్రిక అందింది. విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అరుగు మీద ఆడవాళ్లం కూర్చున్నప్పుడు, అందులో "పాత పంచె" అనే కథ పైకి చదివాను. నువ్వూ చదివే ఉంటావు. పెళ్లయిన కూతురున్న ఒకామెకు, ఇక లేదనుకున్న వయసులో నెల తప్పుతుంది. మొగుడితో చెబితే ఔననడు, కాదనడు. పెట్టె తెరిచి తన పాత పంచె ఒకటి తీసి ఆమె చేతిలో పెడతాడు. ఆమె దాన్ని ఉతికి, ఆరేసి, మడిచి మంత్రసాని ఇంటికి పోతుంది. అరుగు మీద కూర్చుని, ఆ పంచెను పర్రుమని చింపుతుంది. అంతే. కథ అయిపోయింది. రెండోవైపు తిప్పితే తలనూనె ప్రకటన. ఆ రాసినాయనకు ఇంకొక్క పేజీ రాయడానికి చేతులు పడిపోయాయా?

ఇక్కడ పెద్ద గొడవయింది. మన పక్కింటి చెంచమ్మ, మేకలకు మేత వేయడం కూడా మరిచి, "ఆ యమ్మ కడుపు తీయించుకోను పోయింది. గుడ్డలు అందుకే. అల్లుడొచ్చిన ఇంట్లో అత్త నీళ్లాడితే నలుగురూ నవ్వరా?" అంది. ఇంకొకామె, "కాదు, పుట్టే బిడ్డకు పొత్తిగుడ్డలని చింపింది" అంది. నాకు చెంచమ్మ మాటే నచ్చింది. బిడ్డ భూమ్మీద పడకముందే పొత్తిగుడ్డలు ఎవరైనా చింపుతారా? దిష్టి కాదూ? ఆమె తీయించుకునే ఉంటుంది. మంచిపనే చేసింది. అరుగు చివర తాడు పేనుతున్న మీ నాయన, తాడు అక్కడే పడేసి లేచి చేలోకి పోయాడు. ఆయనకు కథలంటే విసుగు.

నీ కానుపు సంగతి. ఏడో నెలలో నిన్ను తీసుకురావడం ఆనవాయితీ. కానీ నాకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. ఈసారికి గిద్దలూరులోనే ఉండిపోతే మంచిదేమో, మీ అత్తగారిని అడుగు. తప్పుగా అనుకోకు.

ఎప్పుడూ నీ మేలే కోరే
అమ్మ, శేషమ్మ.


గిద్దలూరు,
ఆషాఢం.

మా అమ్మకు,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత కోపం వచ్చింది, ఆ తర్వాత మళ్లీ చదివాను. తొలి కానుపుకు పుట్టింటికి రావద్దన్న తల్లిని ఈ తాలూకాలో నిన్నే చూశాను. మా అత్త వినీ వినగానే, "మీ అమ్మకు నువ్వు బరువైనావా ఏంది?" అంది. నేను వంటింట్లోకి వెళ్లి, ఉడికిన కందిపప్పును అవసరం లేకపోయినా మెత్తగా ఎనిపేశాను.

అమ్మా, నా కానుపు గురించి నాలుగు ముక్కలు రాశావు. ఎవరో ఊరూ పేరూ లేని ఆడమనిషి గురించి పేజీ నింపావు. ఆ కథ నేనూ చదివాను. నువ్వు తప్పుగా చదివావు.

చెంచమ్మ పిన్ని చెప్పిన పనికే అయితే చింకిగుడ్డ ఏదైనా చాలు. దానికి మొగుడు పెట్టె తెరవాలా? ఆమె ఆ పంచెను ఉతికి, ఆరేసి, మడత పెట్టుకుని పోవాలా? పెద్దవాళ్లు కట్టి మెత్తబడిన బట్టలోనే పసిబిడ్డను చుట్టాలని నువ్వే కదా నాకు చెప్పింది? ముందే ఎవరూ చింపరన్నావు. నిజమే. అందుకే ఆమె చింపింది. ఊళ్లో వాళ్లు నవ్వుతారని తెలిసీ, అందరూ చూసే అరుగు మీద కూర్చుని చింపింది. లోపలికి పోయి చాటుగా చింపలేదు చూడు. భయపడే మనిషి అరుగు మీద కూర్చోదు.

ఇప్పుడు నేను అడిగేదానికి మోకాళ్లను అడ్డం పెట్టకుండా జవాబు రాయి. నీకు నెల తప్పిందా?

తప్పితే, నీ ఇష్టం లేకుండా నేనేమీ అనను. మోయాల్సింది నువ్వు. కానీ నా ముందు సిగ్గుపడ్డావో, నేను ఊరుకోను. నాకు తోడబుట్టినవాళ్లు లేరని చిన్నప్పుడు గోడకేసి తల కొట్టుకున్నదాన్ని నేను. మా అత్త నవ్వితే నవ్వుతుంది. రెండు రోజులు నవ్వి ఆమే అలిసిపోతుంది.

జవాబు కోసం పోస్టు జవాను దారి చూసే
నీ విజయ.


త్రిపురాంతకం,
శ్రావణం.

నా తల్లీ విజయా,

నువ్వు నా కడుపున పుట్టావో, నేను నీ కడుపున పుట్టానో తెలియడం లేదు. నిజమే. నాకు నెల తప్పింది. ముట్లు ఆగిపోయాయి, వయసయింది, ఇక హాయి అనుకున్నాను. మంత్రసాని ఎల్లమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, "హాయి కాదమ్మా, కాన్పే" అంది. నీకూ నాకూ ఒకే నెల. తల్లీ కూతుళ్లు పక్కపక్కన పొట్టలు వేసుకుని తిరిగితే ఏం బాగుంటుందని నేను ఎల్లమ్మతో మందుకు మాట్లాడుకున్నాను. బుధవారం రమ్మంది.

సిగ్గు అని అందరికీ చెప్పుకోవచ్చు, నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. కానీ విజయా, నాకు సిగ్గు కంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. నీ తర్వాత పుట్టిన ఇద్దరూ నెల తిరగకుండానే పోయారు. వాళ్లకు చుట్టిన గుడ్డలు ఉతికి పెట్టె అడుగున దాచాను, ఇన్నేళ్లుగా ఆ పెట్టె అడుగు చూడలేదు. మళ్లీ కని, మళ్లీ చేతుల్లో పెట్టుకుని, మళ్లీ పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. ముందే లేకుండా చేసుకుంటే ఏడుపు ఉండదనుకున్నాను. మీ నాయనతో చెబితే, "నీ ఇష్టం" అని ఎద్దుల దగ్గరికి పోయాడు. ఆ ఒక్క మాట నన్ను కోసేసింది. ఆయనకు అక్కర్లేదనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక సంగటి ముద్ద పట్టుకుని చేలోకి వెళ్లాను. ఆయన గుంటక తోలడం ఆపి గట్టు మీద కూర్చున్నాడు.

"ఆ పొద్దు కథ వింటా వింటా లేచి పోయినావే, ఎందుకు?" అని అడిగాను.

"అంతా విన్నాను గదా. ఆ యమ్మ పంచె చింపింది. ఇంకేముంది వినేదానికి?"

"ఎందుకు చింపింది?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఏంది శేషమ్మా, అట్ల అడుగుతావు? బిడ్డకు గాక ఇంకెవురికి చింపుతారు?"

"మరి నాతో నీ ఇష్టం అంటివే!"

ముద్ద పక్కన పెట్టాడు. "ప్రాణం మీదికి వచ్చేది నీకు. నాకు కావాల అంటే నువ్వు కాదనలేవు. అందుకని నోరు మూసుకున్నా. ఆ పొద్దు మీరంతా తీయించుకుంది, తీయించుకుంది అంటా వుంటే అక్కడ కూర్చోలేక లేచి వచ్చినా. అడిగినావు గాబట్టి చెప్తా వుండా. నాకు కావాల."

ఇన్నేళ్ల కాపురంలో మీ నాయన కళ్లలో నీళ్లు చూడటం అది మూడోసారి. మొదటి రెండూ ఎప్పుడో నీకు చెప్పక్కర్లేదు. నేనూ ఏడ్చాను. ఎద్దులు రెండూ మా మొహాలు చూసి, ఇవాళ్టికి పని లేదనుకుని పడుకున్నాయి.

బుధవారం ఎల్లమ్మ ఇంటికి పోయాను. ఒట్టి చేతులతో కాదు. మీ నాయన పంచె ఉతికి, ఆరేసి, మడిచి తీసుకుపోయాను. చెంచమ్మతో సహా బావికి పోయే ఆడవాళ్లంతా ఆ దారినే పోతారు. అరుగు మీద బాసింపట్టు వేసి కూర్చుని పర్రుమని చింపాను. బిందెలన్నీ దిగాయి.

"మందు నూరి పెట్టినాను గదమ్మా!" అంది ఎల్లమ్మ.

"పారబొయ్యి" అన్నాను.

"పుట్టకముందే చింపుతా వుండావు, దిష్టి తగలదా?"

"దాచిపెట్టుకుని కన్న రెండుసార్లూ ఏం మిగిలిందే నాకు? ఈసారి అందరూ చూడండి. నాకు బిడ్డ పుడతాది. నా కూతురికీ పుడతాది. ఇద్దరికీ సరిపోనూ చింపుతా వుండా."

చెంచమ్మ బిందె పక్కన పెట్టి, వచ్చి రెండో కొస పట్టుకుంది. "గట్టిగా లాగు అక్కా, ఇది నేత పంచె" అంది.

ఏడో నెల రాగానే మీ నాయన దొనకొండలో రైలెక్కి నీ దగ్గరికి వస్తాడు. ఒకే కప్పు కింద రెండు కానుపులు పనికిరావని మీ అత్తగారు అంటే, మా ఇంటికి వసారా కూడా ఉందని చెప్పు.

మోకాళ్లు బాగానే ఉన్న
మీ అమ్మ.


త్రిపురాంతకం,
మాఘం, 1938.

"పాత పంచె" కథ రాసిన పెద్దలకు,

మీరు ఆడవారో మగవారో, ఏ ఊరో నాకు తెలియదు. పత్రికవారి చిరునామాకు రాస్తే మీకు అందుతుందని మా అల్లుడు అన్నాడు. నేను కందులూ వేరుశనగా పండించుకునే ఇంటి ఆడదాన్ని. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి, ఒడిలో ఇద్దరు ఉన్నారు.

మీ కథలో ఆమె ఏం చేసిందో రాయకుండా ఆపేశారు. దాని మీద మా వీధిలో మాటా మాటా పెరిగింది, నా కూతురికీ నాకూ తగువయింది, నా మొగుడు అలిగి చేలోకి పోయాడు. మొదట నేను ఆమె బిడ్డను వద్దనుకుందనే చదివాను. ఎందుకంటే అప్పుడు వద్దనుకుంటున్నది నేను. ఎవరి కడుపులో ఏముంటే కథలో అదే కనపడుతుందని అప్పుడు తెలిసింది.

నాకు ఆడపిల్ల పుట్టింది. నెల దాటింది. ఏడుపు వింటే వీధి చివర మేకలు బెదురుతాయి. నాకు కానుపైన కొద్ది రోజులకే నా కూతురు విజయకు కొడుకు పుట్టాడు. దానికి జ్వరం తగిలి పాలు పడలేదు. పిల్లవాడు గుక్కపట్టాడు. మనవణ్ణి చూడటానికి గిద్దలూరు నుంచి వచ్చిన మా వియ్యపురాలు, ఒకే ఇంట్లో రెండు కానుపులా అని దారిపొడుగునా బుగ్గలు నొక్కుకున్న మనిషి, నా గుమ్మంలో నిలబడి ఆ ఏడుపు విన్నది. చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చి, పిల్లవాణ్ణి ఎత్తి నా ఒడిలో పెట్టింది. "ముందు వీడికి ఇయ్యి వదినా, నీ కాళ్లు పట్టుకుంటా" అంది.

"కాళ్లెందుకు వదినా, రెండో పక్క ఖాళీగానే వుంది" అన్నాను.

ఇద్దరూ తాగారు. పిన్ని ఒకవైపు, అక్క కొడుకు ఒకవైపు. విజయ జ్వరంలోనే పడీపడీ నవ్వింది. ఇప్పుడు దానికీ పాలు పడ్డాయి, అయినా వాడు అలవాటు మానుకోకుండా నా దగ్గరికే వస్తాడు. నా మొగుడి పంచెలన్నీ పొత్తిగుడ్డలై దండెం మీద ఆరుతున్నాయి. ఆయన అంగవస్త్రం చుట్టుకుని తిరుగుతూ, దారిన పోయేవాళ్లందరినీ పిలిచి దండెం చూపిస్తున్నాడు.

కాబట్టి అయ్యా, లేదా అమ్మా, మీ కథలో ఆమె బిడ్డను కన్నది. మీరు రాసేటప్పుడు అలా అనుకోలేదంటారా? అయితే ఇప్పుడు అనుకోండి.

ఇట్లు,
ఇద్దరికి పాలిస్తున్న అమ్మమ్మ,
శేషమ్మ.